పొట్ట వెనకాల నొప్పి



పోయినవారం ఒక అక్క నన్ను అడిగింది. "మా ఇంటాయనకు మూడేళ్లుగా కడుపునొప్పి, టీచరమ్మా. క్లోమం వాపు అన్నారు. అది క్యాన్సర్‌లోకి దించుతుందా?" అని. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. తెలుసుకుని వచ్చాను.

క్లోమం పొట్ట వెనకాల ఉంటుంది. బడిపిల్లల చిన్న స్కేలంత ఉంటుంది. అంటే సుమారు 15 సెంటీమీటర్లు. అన్నం అరిగే రసం అక్కడ ఊరుతుంది. ఒంట్లో చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులిన్ కూడా అక్కడిదే.

ఏళ్ల తరబడి తాగేవాళ్లకు ఆ రసం చిక్కబడి దారి మూసుకుపోవచ్చు. అప్పుడు అది క్లోమాన్నే తినేస్తుంది. నొప్పి వీపులోకి పాకుతుంది. తిన్నాక ఎక్కువవుతుంది. ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. మనవాళ్లు గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు. కొన్నాళ్లకు మనిషి చిక్కిపోతాడు. విరేచనం జిడ్డుగా అవుతుంది. షుగర్ వస్తుంది.

మరి క్యాన్సర్ ఎట్లా వస్తుంది? మీరు పలక మీద ఒకే అక్షరం వందసార్లు రాశారనుకోండి. ఎక్కడో ఒక తప్పు పడుతుంది. చెరిపేస్తారు. ఒళ్లు కూడా అంతే. పుండు పడ్డ చోట కొత్త కణాలు పుట్టిస్తుంది. తప్పు కణాన్ని తానే చంపేస్తుంది. ఏళ్ల తరబడి పుండు మానకపోతే ఏదో ఒక తప్పు చెరగకుండా మిగిలిపోవచ్చు. అదే పెరిగి క్యాన్సర్ అవుతుంది.

అందరికీ రాదు. 1993లో అచ్చయిన ఒక పరిశోధనలో ఆరు దేశాల రోగులు 2,015 మందిని చూశారు. 56 మందికి ఈ క్యాన్సర్ వచ్చింది. వాపు మొదలైన 20 ఏళ్లకు, నూటికి నలుగురికి వస్తుందని లెక్క కట్టారు. కాబట్టి ఆ అక్క దిగులుతో మంచం పట్టొద్దు. కానీ ఆయన మందుతో పాటు బీడీ కూడా మానాలి. పొగ ఈ రెండు జబ్బులకూ దారి తీస్తుంది.

1992లో మన జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపేశారు. అప్పటికి నేను పుట్టలేదు. సారా పోయింది గానీ సీసా పోలేదు.

ఇంకో మాట. మందు ముట్టని వాళ్లకూ క్లోమం వాస్తుంది. మన దక్షిణాదిలో చిన్న వయసులోనే క్లోమంలో రాళ్లు వచ్చే జబ్బు ఉంది. ఆడవాళ్లకూ వస్తుంది. అందులో క్యాన్సర్ భయం ఇంకా ఎక్కువ. "దొంగతనంగా తాగావా?" అని ఎవరినీ అనకండి. మీ నొప్పిని మీరూ దాచుకోకండి.

కళ్లు పచ్చబడినా, ఉన్నట్టుండి బరువు తగ్గినా, నొప్పి తీరు మారినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. కామెర్లని పసరు పోయించుకుని కూర్చోవద్దు. స్కాన్ తీస్తే తెలుస్తుంది.

ఆ అక్క సోమవారం ఆయన్ను నెల్లూరు తీసుకుపోతోంది. పాత చీటీలన్నీ తేదీల వరసలో పెట్టుకుంది. తేదీలు తనే చదివింది.