ఒంట్లో కాపలావాళ్ళు



ఈమధ్య ఏ దుకాణానికి వెళ్ళినా సీసాల మీద "ఇమ్యూనిటీ" అనే మాట కనిపిస్తోంది. తేనెలో ఇమ్యూనిటీ, టీ పొడిలో ఇమ్యూనిటీ, ఆఖరికి పిల్లలు తినే బిస్కెట్లలోనూ అదే! 2020లో కరోనా వచ్చినప్పటి నుంచీ ఈ మాట మరీ ఎక్కువైంది. తెలుగులో రోగనిరోధక శక్తి అంటున్నాం. పేరు బరువైనదే గాని, సంగతి మనకు తెలియనిది కాదు. కూర తరుగుతుంటే వేలు తెగుతుంది. తెగినచోట ఎర్రబడి వాస్తుంది, సలుపుతుంది. ఒక్కోసారి చీము పడుతుంది, చంకలో బిళ్ళ కడుతుంది. నాలుగైదు రోజులకు అంతా సర్దుకుంటుంది. ఆ నాలుగైదు రోజులూ లోపల జరిగిన యుద్ధాన్ని గురించే ఈవేళ మాట్లాడుకుందాం.

మన ఒంటికి మొదటి కాపలా చర్మం. దాన్ని దాటి రావడం క్రిములకు అంత తేలిక కాదు. అందుకని ముక్కు, నోరు, కళ్ళు వెతుక్కుంటాయి. అక్కడా ఏర్పాట్లు వున్నాయి. ముక్కులో జిగురు, కళ్ళలో నీళ్ళు, పొట్టలో ఆమ్లం. ఇవన్నీ తప్పించుకుని లోపలికి వచ్చిన క్రిమిని పట్టి మింగడానికి రక్తంలో తెల్లకణాలున్నాయి. చీము అంటే ఏమిటనుకున్నారు? చాలావరకు అలా పోరాడి చచ్చిన తెల్లకణాలే.

ఈ మింగే కణాలను మెచ్నికాఫ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు 1882లో కనిపెట్టాడు. సముద్రంలో వుండే నక్షత్రచేప పిల్లల ఒంట్లో సన్నటి ముళ్ళు గుచ్చి, మర్నాడు పొద్దున సూక్ష్మదర్శినిలో చూశాడు. ముల్లు చుట్టూ కణాలు మూగి వున్నాయి. చిత్రమేమంటే, జర్మనీలో కాక్ దొరగారు క్షయ క్రిమిని చూపించిందీ ఆ యేడే. మన అనంతపురం జిల్లా బళ్ళారి నుంచి వేరుపడిందీ ఆ యేడే! మూడింటికీ సంబంధమేమీ లేదనుకోండి, గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుందని చెప్పాను.

మింగే కణాలకు క్రిముల మధ్య తేడా పెద్దగా తెలియదు, ఏది వచ్చినా మింగబోతాయి. ఫలానా క్రిమికి ఫలానా ఆయుధం అని తయారుచేసే కణాలు వేరే వున్నాయి. వాటిని లింఫోసైట్లు అంటారు. అవి తయారయ్యేందుకు వారం పది రోజులు పడుతుంది. చంకలో, గజ్జల్లో, మెడకింద కట్టే బిళ్ళలు వాటి ఠాణాలే. ఒకసారి చూసిన శత్రువు ముఖం ఈ కణాలు చాలాకాలం మరిచిపోవు. ఆటలమ్మ పోసినవాళ్ళకు మళ్ళీ పోయడం చాలా అరుదు, ఎందుకనుకున్నారు? ఇందుకే. టీకా అంటే కూడా ఇదే, జబ్బు రాకుండానే శత్రువు ముఖాన్ని ముందుగా చూపించి పెట్టడం.

ఇంతవరకూ సులువుగానే వుంది. కాని మింగినా చావని క్రిమి ఒకటుంది. అదే క్షయ. టి.బి. అంటాం.

క్షయ క్రిమి గాలితో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాపలా కణం దాన్ని మింగుతుంది. మింగిన కణం కడుపులోనే అది కాపురం పెడుతుంది! అప్పుడు మిగతా కణాలు చుట్టూ చేరి దడి కడతాయి. పల్లెల్లో కోడిని గంప కింద మూసినట్టన్న మాట. కోడి చావలేదు, బయటికీ రాలేదు. గంప మీద చెయ్యి వున్నంతకాలం భయం లేదు. ప్రపంచంలో నలుగురిలో ఒకరి ఒంట్లో ఈ క్రిమి ఇలా చేరి వుందని లెక్క. అయితే అందులో నూటికి అయిదు నుంచి పదిమందికే జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా బయటపడుతుంది. మరి ఆ అయిదుగురు పదిమంది ఎవరు? గంప మీద చెయ్యి ఎవరికి సడలుతుంది? మన కరువుసీమ ఆడవాళ్ళు ఆలోచించవలసింది ఇక్కడే.

మొదట టీకా సంగతి. కదిరి మీదుగా మదనపల్లె వెళితే ఊరి దగ్గరే ఆరోగ్యవరం వస్తుంది. 1915 నుంచి అక్కడ క్షయ శానిటోరియం నడిచింది. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇంతే వైద్యం. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదట వేయించిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఇప్పుడు మన పిల్లలకు పుట్టగానే ఎడమ భుజాన వేస్తారే, మచ్చ పడుతుందే, ఆ టీకానే. పసివాళ్ళకు మెదడుకు సోకే క్షయ రాకుండా, ఒళ్ళంతా పాకే క్షయ రాకుండా ఇది బాగా కాపాడుతుంది. అంచేత తప్పకుండా వేయించాలి. కాని 1968 నుంచి మద్రాసు పక్కన చెంగల్పట్టులో లక్షలమందితో పదిహేనేళ్ళు పరీక్ష చేసి చూస్తే, పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేదని తేలింది. అంటే భుజం మీద మచ్చ వుందిగదా అని పెద్దవాళ్ళం నిశ్చింతగా వుండడానికి లేదు.

అయితే పెద్దవాళ్ళను కాపాడేదేది? జార్ఖండులో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. క్షయ రోగులున్న ఇళ్ళలో, రోగికేగాక మిగతా ఇంటివాళ్ళకు కూడా కొన్ని ఇళ్ళలో ఆరు నెలలపాటు నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. పెద్దవాళ్ళకు తలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. అంతే! అలా ఇచ్చిన ఇళ్ళలో, ఇవ్వని ఇళ్ళకంటే క్షయ సుమారు 40 శాతం తక్కువమందికి వచ్చింది. ఆ పొట్లంలో సీసామందు ఏదీ లేదు. బియ్యం, పప్పు! కాపలా కణాలూ, అవి విసిరే ఆయుధాలూ మాంసకృత్తులతోనే తయారవుతాయి. కూడు లేని కాపలావాడు ఎంతసేపు మేలుకుంటాడు?

మన జిల్లా వానలు ఎరిగినవే గదా. సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. అదీ సక్రమంగా పడదు. కరువు వచ్చిన యేడు పల్లెల్లో కంచం చిన్నదవుతుంది. పట్నంలో వున్న మనకు ఆ బాధ లేదు కదా అంటారేమో. మన ఇళ్ళలో మరో కరువుంది. ఆయనకు పెట్టి, పిల్లలకు పెట్టి, అత్తగారికి పెట్టి, అందరి తర్వాత ఏ మూడు గంటలకో మనం కూచుంటాం. పప్పు గిన్నె ఖాళీ. చారులో ఇంత అన్నం, మజ్జిగలో ఇంత అన్నం, ఊరగాయ. గుడ్డు లెక్క చూస్తే మనది లేదు. దీన్ని మనం త్యాగమంటాం. గంప కింద కోడికి మాత్రం అది సందు.

ఖర్చుతో కూడిన తిండి అక్కర్లేదు. వంద గ్రాముల శెనక్కాయ విత్తనాల్లో పాతిక గ్రాముల మాంసకృత్తులున్నాయి. మన నేల పంటే. ఊరుబిండి నూరినప్పుడు రెండు ముద్దలు మీ సంగటిలోకి కూడా తీసిపెట్టుకోండి. బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుచుకుపోయినవి మాత్రం ఏరి పారెయ్యాలి. ఆ బూజులో కాలేయాన్ని చెరిచే విషం వుంటుంది, వేయించినా పూర్తిగా పోదు. మునగాకు, తోటకూర వారానికి రెండు మూడుసార్లన్నా వండండి. వండాక ముందే ఒక గిన్నెలో మీ వంతు పప్పు తీసి మూతపెట్టండి. ఎవరైనా నవ్వితే నవ్వనీయండి.

ఇంకో సంగతి. మా వీధిలో ఒకింట కోడలికి క్షయ అని తేలింది. వెంటనే కంచం వేరు, లోటా వేరు చేశారు. వారం తిరక్కుండా పుట్టింటికి పంపించారు. ఆ అమ్మాయి మాత్రలు నడుమ ఆగిపోయాయి. కంచంవల్ల, బట్టలవల్ల క్షయ రాదమ్మా. దగ్గినప్పుడు వచ్చే గాలివల్ల వస్తుంది. 1956లో మద్రాసులో మొదలైన పరీక్షలో సగంమంది రోగులను శానిటోరియంలో వుంచారు, సగంమందికి వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే మందులిచ్చారు. ఇళ్ళలో తిండి అంతంతమాత్రమే, అయినా ఇంచుమించు ఇద్దరికీ ఒకేలా నయమైంది. ఇంట్లో మందు వాడినవాళ్ళ పిల్లలకు అదనంగా జబ్బు సోకలేదు కూడా. జబ్బు వచ్చాక నయం చేసేది మాత్రలే. తిండి వాటికి తోడు. తిండితోనే తగ్గించుకుందామనో, కషాయంతో సరిపెడదామనో అనుకుంటే ప్రమాదం.

మన ఊళ్ళో దుమ్ముగాలి భయానికి కిటికీలు బిగించేస్తాం. ధర్మవరంలో మగ్గం గుంతలో పొద్దంతా కూచునేవాళ్ళ గదుల్లోనూ గాలి ఆడదు. పొద్దున గంటసేపు, సాయంత్రం గంటసేపు తలుపులూ కిటికీలూ బార్లా తెరవండి. దుమ్ము తుడుచుకోవచ్చు. ఇంట్లో షుగరు వున్నవాళ్ళుంటే అది అదుపులో వుండేట్టు చూడండి, షుగరు వున్నవాళ్ళకు క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు. బీడీ సిగరెట్ల సంగతి సరేసరి. నిద్ర తగ్గినా కాపలా సడలుతుంది. ఐదుకు లేచి పదకొండుకు పడుకునే మనకు ఈ మాట చెబితే కోపం వస్తుంది, నాకూ వస్తుంది. మధ్యాహ్నం అరగంట నడుం వాల్చడం సోమరితనమని మాత్రం ఎవరూ అనకూడదు.

నీళ్ళకు కటకటైనప్పుడు మొదట కోత పడేది చేతులు కడగడానికే. అదే జరగకూడదు. తిన్నది నిలవకుండా విరేచనాలైతే పెట్టిన తిండంతా వృథా. రెండు చెంబుల నీళ్ళు, సబ్బుముక్క వేరుగా పెట్టుకోండి. కరివేపాకు చెట్టు మొదట్లో కడిగితే నీళ్ళు చెట్టుకూ పోతాయి.

రెండు వారాలు దాటి దగ్గు వున్నా, సాయంత్రంపూట జ్వరం తగులుతున్నా, బరువు తగ్గుతున్నా, మామూలు దగ్గేలే అని మందుల షాపులో అడిగి సిరప్పు తెచ్చుకోవద్దు. ప్రభుత్వాసుపత్రిలో గళ్ళ పరీక్ష, మందులు అన్నీ ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలల వైద్యం. రెండో నెలకే దగ్గు పోయి ఒళ్ళు తేలికపడుతుంది, అయినా ఆరు నెలలూ మింగాల్సిందే. వైద్యం జరిగినన్నాళ్ళూ తిండికని ప్రభుత్వం రోగి బ్యాంకు ఖాతాలో డబ్బు వేస్తుంది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలుపెట్టి 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. పేరు రాయించేటప్పుడు ఖాతా పుస్తకం వెంట తీసుకువెళ్ళండి. ఆ డబ్బు ఆ మనిషి కంచంలోకే చేరేట్టు చూసుకోండి.