ఆపదవేళ ఉనికిని దెలుపు రేడియో
(మన సంఘపు బరంపురము సభలో చేసిన ప్రసంగ పాఠము)



2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటినది. 2019 మే 3వ తేదీన ఫణి పూరీ చెంత విరుచుకు పడినది. పూరీలోని పెంఠకట బెస్తవాడలో తరతరములుగా మన తెలుగువారు కాపురమున్నారు. విద్యుత్తును టెలిఫోనులును దినముల తరబడి స్తంభించినపుడు, ఏ ఇల్లు నిలిచినదో, ఎవరికి మందు కావలెనో దూరమున నున్న బంధువున కెట్లు తెలియును?

హ్యామ్ రేడియో సోదరులు వాడు ఏ.పి.ఆర్.ఎస్. అను పద్ధతి ఇట్టి సమయమున కక్కరకు వచ్చును. అమెరికాలోని అన్నాపొలిస్ నౌకా విద్యాలయమునకు చెందిన బాబ్ బ్రునింగా దీనిని రూపొందించెను. 1984లో నూరు మైళ్ల గుర్రపు పరుగులో ఏ గుర్రమెచ్చట నున్నదో తెలిసికొనుటకై ఆయన చేసిన ఏర్పాటు దీనికి తొలిరూపములలో నొకటి. గుర్రముల కొరకు పుట్టినది మనుష్యులకు పనికివచ్చుట వింతయే గదా!

చేతిరేడియోకు జి.పి.ఎస్. యంత్రము తోడగును. పంపువాని సంకేతనామము, అక్షాంశ రేఖాంశములు, చిన్న కబురు ఒక పొట్లముగా కట్టబడి, సెకనుకు 1200 బిట్ల వేగమున ఒక్క ఊపిరిలో పోవును. మిట్టపై నున్న పునఃప్రసార కేంద్రము దానిని విని మరల పలుకును. ఇంటర్నెట్టు తెగినను ఈ కేంద్రముల వరుస పనిచేయును. కంగారులో మనవాడు తెలుగున కేక వేసిన, ఆవల వినువానికి ఒడియాయే వచ్చి యుండవచ్చును. అంకెల విషయమున ఆ చిక్కు లేదు.

కొన్ని యంత్రములలో ముందే అమర్చిన స్థితిపదములు గలవు. వానిలో కడపటిది ‘ఎమర్జెన్సీ’. దాని నెంచుకొన్నచో ఆ పదము ప్రతి పొట్లముతోడను పోవును. పొరపాటున మీట అచ్చటనే నిలిచిపోయి ఊరక గగ్గోలు పుట్టుటయు కలదు.

ఇక అసలు సంగతి. ఈ సంకేతము పంపగనే ఏ కచేరిలోనో గంట మ్రోగునని భ్రమపడరాదు. ఉనికిని దెలుపు పొట్లమునకు ముట్టినట్లు జవాబు రాదు. పేరు పెట్టి ఒకరికి పంపిన కబురునకు మాత్రమే వచ్చును. వినువాడు లేనిచో అది గాలిలో కలిసిపోవును. కనుక నడిసముద్రమునకు వేటకు పోవువారు దీనిని నమ్మరాదు. వారికి ఇస్రోవారి ఆపద సంకేత యంత్రము వేరుగా కలదు. అది ఉపగ్రహము ద్వారా పనిచేయును. 2024లో వచ్చిన రెండవ తరము యంత్రము కబురందినదని నావకు తిరిగి తెలుపును.

మన పద్ధతి తెగిపోయిన పల్లెలకును, సహాయమునకు పోవు దళములకును తగినది. రెండు మీటర్ల తరంగములు ఇంచుమించు చూపు ఆనినంత దూరమే పోవును. మనిషి యెత్తున నున్న చేతిరేడియో మాట ముప్పది మీటర్ల ఎత్తున నున్న ఏరియలుకు లెక్క ప్రకారము 28 కిలోమీటర్ల వరకు అందవచ్చును. చెట్లు, మేడలు అడ్డమైనచో తగ్గును. గోపాలపురము ఇచ్చటికి అందులో సగము దూరమే. ఎత్తైన మేడ యొకటి, గాలికి విరుగని స్తంభము, ప్రతి మాసము పరీక్షించు బ్యాటరీ, వంతులవారీగా వినువారు నలుగురు ఉన్న చాలును.

యంత్రమును కొనుట కష్టము కాదు. దానిని ముట్టుటకు ప్రభుత్వ పరీక్ష నెగ్గి అనుమతి పొందవలెను. పండ్రెండేండ్లు నిండిన పిల్లలు కూడ ఆ పరీక్షకు కూర్చొనవచ్చును. ప్రశ్నలు ఆంగ్లమున నుండునని వెనుదీయ నక్కరలేదు. వచ్చే ఆదివారము సాయంకాలము నుండి ఈ హాలులోనే తెలుగున పాఠములు చెప్పెదను. తీరమునుండి ఇద్దరైనను, ఆడపిల్లలైనను మగపిల్లలైనను, రాకతప్పదని బెస్తపెద్దలను వేడుకొనుచున్నాను. మేడ సంగతి అధ్యక్షులవారు చూడవలెను.