చిప్పుల పోరు, మీ చేతి షేరు



పట్టభద్రులైన మీలో చాలామంది చూపు హైదరాబాద్ మీదే ఉందని తెలుసు. చిప్ కంపెనీలు ఏఎండీ, ఇంటెల్, ఎన్‌విడియా మూడింటికీ అక్కడ ఆఫీసులున్నాయి. వాటి మధ్య పోటీ ఇంజినీరుకి వరం. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన రాజా కోడూరి ఏఎండీలో గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపి, 2017లో ప్రత్యర్థి ఇంటెల్‌కి వెళ్లారు. పనిమంతుణ్ణి ఇద్దరూ పిలుస్తారు. డబ్బు పెట్టినవాడి మీద మాత్రం ఈ పోటీకి అంత దయ లేదు.

2000లో ఇంటెల్ అమ్మకాలు 3,370 కోట్ల డాలర్లు. 2020 నాటికి 7,790 కోట్లు. అయినా 2000 ఆగస్టులో 75 డాలర్ల దగ్గర షేరు కొన్నవాడికి ఇరవై ఏళ్లు గడిచినా ఆ ధర మళ్లీ కనబడలేదు. రాబోయే లాభాలన్నిటికీ అతను ముందే డబ్బు కట్టేశాడు మరి. అటు ఏఎండీ షేరు 2015లో రెండు డాలర్ల కిందికి జారింది. 2017లో రైజెన్ ప్రాసెసర్లు వచ్చాక దశ తిరిగి, 2022లో మార్కెట్ విలువలో ఆ కంపెనీ ఇంటెల్‌నే దాటింది. ఇప్పుడు చెప్పడం తేలికే. 2015లో కొన్నవాడికి రాత్రుళ్లు నిద్ర పట్టి ఉండదు.

'ఎవరు గెలిస్తే మనకేం, ఏఎండీకీ ఎన్‌విడియాకీ చిప్పులు తయారుచేసి పెట్టే తైవాన్ టీఎస్ఎంసీ షేరు కొందాం' అనే తెలివీ ఉంది. కొల్లేరులో చేప ధర పడినా లేచినా మేత కొట్టు నడుస్తుందిగా అన్నట్టు. నడుస్తుంది. బాకీలు వసూలు కాని ఏడాది ఆ కొట్టు గతేమిటో మీ నాన్నగారినడగండి. టీఎస్ఎంసీకీ ఓ గండం ఉంది. దాని ఫ్యాక్టరీల్లో ఎక్కువభాగం ఒక్క తైవాన్ ద్వీపంలోనే ఉన్నాయి. ఆ ద్వీపం తనదంటోంది చైనా.

మీకు అసలు చిక్కు ఆఫర్ లెటర్‌లో ఉంటుంది. జీతంతోపాటు కొన్ని కంపెనీ షేర్లూ ఇస్తారు. అవి మీ పేరుకి వచ్చిన రోజు ధర మీద జీతానికి పడ్డట్టే పన్ను పడుతుంది. తర్వాత షేరు కూలినా ఆ పన్ను వెనక్కి రాదు. పైగా కంపెనీకి గడ్డురోజులొస్తే ఉద్యోగం, దాచుకున్నది కలిసే పోతాయి. 2024 ఆగస్టులో ఇంటెల్ దాదాపు 15 వేల ఉద్యోగాల కోత ప్రకటించింది. మర్నాడు షేరు నాలుగోవంతు పైగా పడింది. అందుకే చేతికొచ్చిన షేర్లలో సగమైనా అమ్మి వేరేచోట పెట్టండి. 'మన కంపెనీ షేరు మనమే అమ్ముకోవడమేంట్రా' అని పక్క సీటువాడు నవ్వుతాడు. నవ్వనివ్వండి. అతనికి ఇంటి లోన్ ఎంతుందో మాత్రం ఓసారి కనుక్కోండి.