రాయకోట చెరువులో చలికాలపు వేట

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు పట్టుబట్టి నన్ను ఈ వేదిక ఎక్కించారు. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషను వరకు చదివి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. సాహిత్యం మీద మాటాడే శక్తి నాకు లేదు గనుక, అంతో ఇంతో తెలిసిన చేపల వేటను గురించి నాలుగు ముక్కలు విన్నవించుకొంటాను. సభలోని శాకాహారులు మన్నింతురు గాక!

ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లు రాయకోటలో ఉన్నాను. అది హోసూరు నుంచి ధర్మపురి పోయే రైలు దారిలో ఉన్నది. అక్కడి కొండ మీది దుర్గం 1791లో, మూడవ మైసూరు యుద్ధంలో, ఇంగ్లీషువారి వశమైంది. వచ్చినవారందరూ తలయెత్తి ఆ కోటను చూస్తారు. నా చూపు మటుకు కింద ఉన్న చెరువుల మీదనే ఉండేది.

చలిదేశాలలో ట్రౌట్ అనే చేపను పట్టే పద్ధతి ఒకటున్నది. చిన్న సరస్సులో పడవను మెల్లగా నడుపుతూ, వెనుక గాలాన్ని లాగుకొంటూ పోతారు. ఆ చేపకు చన్నీళ్లు కావాలి. మన దక్షిణాదిన నీలగిరులకు దాన్ని తేవాలని ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు 1863లో ప్రయత్నించి విఫలుడైనాడు. 1907లో అవలాంచి వద్ద గుడ్లు పొదిగించే కేంద్రం పెట్టిన తరువాతనే అక్కడి సెలయేళ్లలో అది నిలదొక్కుకొన్నది. రాయకోట చెరువులో ట్రౌట్ బతకదు. కాని ఆ పద్ధతి మన కొర్రమీనుకు చక్కగా పనికివస్తుంది.

కొర్రమీను మనకు కొత్త కాదు. తమిళులు దాన్ని విరాల్ అంటారు. తెలంగాణ ప్రభుత్వం 2016లో దాన్నే రాష్ట్ర చేపగా ప్రకటించింది. పాము తలవంటి తల, నల్లని వీపు, లోపల తెల్లని మాంసం, తక్కువ ముళ్లు. నీటిలో ఉంటూనే మధ్య మధ్య పైకి వచ్చి గాలి పీల్చుకొని పోతుంది. అందుకే బయట తడిగుడ్డలో చుట్టిపెట్టినా చాలాసేపు బతుకుతుంది.

ఇక నా తప్పు చెబుతాను. నేను రాయకోట చేరిన మొదటి ఏడు, తొలకరి తరువాత, ఒక చెరువు గట్టున నిలబడి ఉండగా నీటి మీద ఎర్రని మరక కదిలినట్లు కనిపించింది. తీరా చూస్తే అవి వందలకొద్దీ కొర్రమీను పిల్లలు. చిన్నతనంలో వాటి రంగు అదే. కింద పెద్ద చేప కాపలా కాస్తున్నది. గాలానికి కప్పను గుచ్చి ఆ గుంపు మధ్యలో వేశాను. వేసీ వేయగానే అందుకొన్నది. రెండు కిలోలకు తక్కువ లేదు. గర్వంగా పట్టుకొని, చెరువు పక్కన కాపురముండే పెద్దాయన ఇంటికి పోయి సగం ఇవ్వబోయాను. ఆయన తాతల కాలం నుంచీ ఆ ఊరివాడే, ఇంట తెలుగే మాటాడేవాడు. చేపను చూశాడు గాని ముట్టుకోలేదు.

“రేపు పొద్దున రా అప్పా, ఒకటి చూపిస్తా” అన్నాడు.

మరునాడు పోయి చూస్తే ఆ ఎర్రని మరక చెదరిపోయింది. అక్కడొకటి, ఇక్కడొకటి మిగిలి ఉన్నాయి. తక్కిన వాటిని ఇతర చేపలు తినివేశాయి.

“అది ఆకలితో కరవలేదప్పా, కోపంతో కరిచింది. పిల్లల దగ్గరికి ఏది వచ్చినా కరుస్తుంది. తల్లీ తండ్రీ రెండూ కాస్తాయి. చలికాలంలో రా. అప్పుడు దానికి పిల్లలుండవు. తన కడుపు కోసం తింటుంది. అప్పుడు పడితే నీ నేర్పు” అన్నాడు.

ఆ మాట నాకు ములుకులాగా తగిలింది. ఎందుకంటే, అప్పటికి నా భార్యనూ కొడుకునూ పుట్టింట వదలి మూడేళ్లయింది. ఇల్లు దొరకలేదనీ, బడి మధ్యలో ఎందుకనీ నాకు నేను సాకులు చెప్పుకొంటూ ఉండేవాణ్ణి. ఆ రాత్రి డ్యూటీలో టిక్కెట్లు ఇస్తూనే ఉన్నాను గాని మనసు అక్కడ లేదు. దసరా సెలవులలో వాళ్లను తీసుకువచ్చాను. ఆరేళ్ల పిల్లవాడు నన్ను చూస్తే తల్లి కొంగు వెనుక దాగేవాడు.

పుష్యమాసంలో పెద్దాయన కబురు పంపాడు. చెరువు పాట పాడుకొన్నవారి అనుమతి తీసుకొని, పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని పోయాను. పుట్టి సిద్ధంగా ఉన్నది. హొగెనక్కల్‌లో యాత్రికులను తిప్పే గుండ్రని బుట్ట పడవ వంటిదే, అక్కడివారు పరిసల్ అంటారు.

ఉదయం ఏడింటికే పోదామన్నాను. పెద్దాయన నవ్వాడు. చేప ఒంటికి సొంత వేడి లేదు, నీటి వేడే దాని వేడి. చలికి మందగించి, తిన్నది అరగక, దగ్గరికి వచ్చిన ఎరనైనా వదలివేస్తుంది. అందుచేత పొద్దు బాగా ఎక్కిన తరువాత, పది గంటల నుంచి మూడు లోపల వేట. అదీ ఎండ తగిలే ఒడ్డున, తామరాకుల అంచు వెంబడి.

ఎర ఇత్తడి చెంచా ముక్క. నీటిలో గాయపడిన పరిగెలాగా అటూ ఇటూ ఊగాలి గాని గిర్రున తిరగరాదు. తిరిగితే దారం మెలిపడుతుంది. పుట్టి నీడకు చేప బెదరకుండా ఇరవై గజాల దారం వదలాలి. మనిషి షికారు నడక కంటె మెల్లగా పోవాలి. ముఖ్యమైన కిటుకు ఒకటున్నది. నేరుగా పోరాదు, పాము నడకగా పోవాలి. కుడికి మళ్లినప్పుడు ఎడమ వైపు ఎర వేగం పుంజుకొని పైకి లేస్తుంది, కుడి వైపుది మందగించి కిందికి దిగుతుంది. ఏ వైపు ఎరకు చేప తగిలిందో చూచుకొంటే, ఆనాడు దానికి ఎంత వేగం, ఎంత లోతు నచ్చినదీ తెలిసిపోతుంది.

పెద్దాయన ముందు కూర్చుండి తెడ్డు వేశాడు. ఒక దారం నా చేతిలో, ఒకటి పిల్లవాడి చేతిలో. గంటన్నర ఏమీ లేదు. పిల్లవాడు చలికి ముడుచుకొని, తనంతట తానే వచ్చి నా ఒడిలో కూర్చున్నాడు. మూడేళ్లలో అదే మొదటిసారి. పుట్టి ఎడమకు మళ్లింది. లోపలి వైపు ఉన్న వాడి దారం గుంజింది. “నాన్నా!” అని కేకవేశాడు. వాడి చేతుల మీద నా చేతులు వేసి ఇద్దరమూ లాగాము. ముప్పావు కిలో కొర్రమీను.

“దీనికి పిల్లలున్నాయా, తాతా?” అని వాడు అడిగాడు.

“ఇప్పుడు లేవప్పా. వానలొస్తే ఉంటాయి. అప్పుడు మనం రాకూడదు” అన్నాడు పెద్దాయన.

ఆ పూట చేప పులుసు పెద్దాయన ఇంట్లోనే. ఈసారి ఆయన కాదనలేదు.

సోదరులారా, పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచి వచ్చినవాళ్లం మనం. కుటుంబం ఒకచోట, ఉద్యోగం ఒకచోట పెట్టుకొన్నవారు ఈ సభలోనూ ఉన్నారు. వారికి నేను నీతులు చెప్పజాలను. వీలు చిక్కిన వెంటనే పిల్లలను దగ్గరకు తెచ్చుకొనవలసిందని మాత్రం తోటివాడిగా మనవి చేస్తున్నాను. వచ్చే పుష్యంలో ఒక ఆదివారం చెరువుకు తీసుకుపొండి. చేప పడకపోయినా నష్టం లేదు. వానాకాలంలో ఎర్రని మరక కనబడితే మటుకు గాలం చుట్టుకొని ఇంటికి రండి.

అందరికీ నూతన సంవత్సరం శుభప్రదమగు గాక! సెలవు.