హాస్టల్ పెరటి తోట: చలి రాత్రుల లెక్క
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



మీ విరాళాలతో ఆదిలాబాద్‌లోని మన పిల్లల హాస్టల్ పెరట్లో కూరగాయలు వేశాం. మీరిచ్చింది అమానత్, కనుక పోయినదాని లెక్క కూడా చెప్పాలి. పోయిన చలికాలం ఒక్క రాత్రిలో టమాట, వంగ నారు నల్లబడిపోయింది. తప్పు మాదే. ఇక్కడి ఇగం సంగతి తెలిసీ నారుమడిని ఆరుబయట వదిలేశాం. తెల్లారి పిల్లలు వచ్చి ఆ సంగతి చెబుతుంటే మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఈసారి పద్ధతి మార్చాం. మబ్బు లేని, గాలి ఆడని రాత్రి ఎక్కువ ప్రమాదం. నేల వేడి అడ్డు లేకుండా పైకి పోతుంది. అందుకని మధ్యాహ్నమే మడి తడుపుతున్నాం. తడి నేల పగటి వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. అసర్ నమాజు అయ్యాక పుల్లలు గుచ్చి, వాటి మీద నేలదాకా గోనె సంచులు కప్పుతాం. ప్లాస్టిక్ పట్టా అయితే ఆకుకు తగలకూడదు, తగిలినచోట మాడుతుంది. పొద్దెక్కాక కప్పు తీయాలి. అది మేం మరిచినా పిల్లలు మరవరు. ఆకు మాడినా కాండం పచ్చగా ఉంటే మొక్క పీకొద్దు, మళ్లీ చిగురించవచ్చు. పాలకూర, మెంతికి ఇంత సేవ అక్కర్లేదు.

ఈ ఏడు డబ్బు కంటే ముందు మీ ఇళ్లలోని పాత గోనె సంచులు, దుప్పట్లు ఇవ్వండి. ఏ జుమా రోజైనా నమాజు తర్వాత హాస్టల్లో తీసుకుంటాం.