చెవిని కాపాడుకుందాం



నేటి పిల్లలు పాఠాలకైనా, పాటలకైనా గంటల తరబడి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటున్నారు. వద్దంటే మానేవారు కాదు. ఎలా వాడాలో చెప్పడం మన బాధ్యత.

లోపలి చెవిలో నత్తగుల్ల వంటి భాగమొకటి ఉన్నది. అందులోని సున్నితమైన కేశకణాలే శబ్దాన్ని గ్రహించి నరం ద్వారా మెదడుకు పంపుతాయి. పెద్ద శబ్దానికి అవి అలసిపోతాయి. విరామం లేకపోతే నశిస్తాయి. నశించినవి మళ్ళీ పుట్టవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారు 80 డెసిబెల్ల శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే 4 గంటలే! పది పెరిగితే సమయం పదోవంతుకు పడిపోయిందన్నమాట.

కనుక ఫోనులో ధ్వనిని 60 శాతం దాటనివ్వకండి. బస్సు రొదను మించాలని పెంచడంలోనే ప్రమాదమున్నది. బయటి రొదను తగ్గించే హెడ్‌ఫోన్లు అక్కడ మేలు. రోడ్డు మీద మాత్రం తీసెయ్యాలి. మధ్యమధ్య చెవికి విశ్రాంతి ఇవ్వాలి. నిద్రపోయేముందు తీసి పక్కన పెట్టాలి.

చెవిలో గుయ్యిమని మోత వస్తుంటే అది హెచ్చరిక. ఇటువంటి నష్టంలో సన్నని ధ్వనులు ముందుగా దూరమవుతాయి. స, ష, ఫ తేడా తెలియదు. ఇమ్లా చెబుతుంటే "ఏంటి సార్?" అని మాటిమాటికీ అడిగే పిల్లవాణ్ణి మొద్దు అని తిట్టకండి. ముందు చెవి డాక్టరుకు చూపించండి. వినికిడి తగ్గితే చదువు కూడా వెనకబడుతుంది.

ఈ రాత్రే మీ పిల్లల ఫోనులో ధ్వని ఎంత ఉందో చూడండి.