ఉదరమున నొక ద్వారము



మలమును గూర్చి పదిమందిలో మాటలాడుట మనవారికి రుచింపదు. బడిలో వ్యాకరణము చెప్పుకొనిన నాకీ విషయముతో పని యేమని మీరడుగవచ్చును. నా పూర్వశిష్యుడొకడు, రేపల్లె ప్రాంతపు సేద్యగాడు, టైఫాయిడు జ్వరమున చిన్నప్రేగునకు రంధ్రము పడగా శస్త్రచికిత్స పొంది, పొట్టమీద సంచితో ఇల్లు చేరెను. సంచి నిండునను భయముచే నీరు త్రాగుట మానెను. నాలుగవ దినమున మూత్రము తగ్గి, పిక్కలు పట్టి, కన్నులు గుంటలు పడి మరల ఆసుపత్రి చేరెను. ఈ సంచి జీవితాంతము తప్పదని కూడ అతడు తలచియుండెను. రెండును పొరపాట్లే.

భుజించిన యన్నము చిన్నప్రేగు చివర చేరునప్పటికి జావవలె నుండును. అందలి నీటిని, ఉప్పును పీల్చి గట్టిపఱచునది పెద్దప్రేగు. అది వ్యాధిచే చెడినపుడు గాని, దానికి కొంతకాలము విశ్రాంతి నీయవలసినపుడు గాని, వైద్యులు చిన్నప్రేగు తుదిభాగమును పొట్టగోడ గుండ వెలికి తెచ్చి చర్మమునకు కుట్టుదురు. దీనినే ఇలియోస్టమీ యందురు. ఆ నోటికి బిగించుట తెలియదు. వచ్చినది వచ్చినట్లు సంచిలో పడుచుండును.

ఉదరమును కోసి ప్రేగును సవరించుట మనకు క్రొత్తగాదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానము 14వ అధ్యాయమున, రంధ్రము పడిన ప్రేగు అంచులను నల్లచీమలచే కఱపించి కలుపు విధానము గలదు. ఇప్పటి పద్ధతి వేఱు.

పెద్దప్రేగును, గుదమును పూర్తిగా తీసివేసినచో చిన్నప్రేగు కొననే బయటికి తెత్తురు. ఇది సాధారణముగా శాశ్వతము. పూర్వము ఆ కొన చర్మముతో సమముగా నుండుటచే జీర్ణరసములు చర్మమును కాల్చెడివి. 1952లో ఆంగ్లవైద్యుడు బ్రయన్ బ్రూక్, చొక్కాచేతిని మడిచినట్లు ప్రేగు కొనను వెలుపలికి మడిచి కుట్టు విధమును ప్రకటించెను. నేటికిని అదియే ఆచారము.

రెండవది మా శిష్యునకు జరిగినది. ప్రేగును త్రుంపక, ఒక మెలికను పైకి లాగి దాని వీపున ద్వారము చేయుదురు. పై నోట మలము వెడలును. క్రింది భాగము మానుచుండును. సామాన్యముగా రెండు మూడు మాసముల పిమ్మట దీనిని మూసివేయుదురు.

1969లో స్వీడనుదేశపు కోక్ అనునతడు ప్రేగుతోనే లోపల తిత్తి కుట్టెను; పిమ్మట దానికి కవాటము నమర్చెను; రోగి గొట్టము చొప్పించి దానిని ఖాళీ చేసికొనును. కవాటము జాఱుట మొదలగు చిక్కులచే ఇది నేడు అరుదు. 1978లో లండనునందు పార్క్స్, నికల్స్ అనువారు తిత్తిని మలద్వారముననే కలుపు మార్గమును వెల్లడించిరి. అందును, కుట్లు మానువఱకు తాత్కాలికముగా పొట్టమీది ద్వార ముంచుట కలదు.

ఇక పోషణ. కుదుటబడిన పిమ్మట దినమునకు అర లీటరు మొదలు ముప్పావు లీటరు వఱకు ద్రవము పోవును. దానితో ఉప్పును పోవును. నీరు మానినంత మాత్రమున నిది ఆగదు. వట్టి నీరే అదేపనిగా త్రాగినను చాలదు. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, ఆసుపత్రులలో నిచ్చు ఓఆర్‌ఎస్ పొడి కలిపిన నీరు మేలు. బాపట్ల యెండలలో మఱియు నవసరము. సంచి సగము నిండకమునుపే ఖాళీ చేయవలెను. దాని రంధ్రమును ద్వారముకంటె కొంచెము మాత్రమే పెద్దదిగా కత్తిరింపవలెను. లేనిచో చర్మము పుండగును. తేగలు, ఎండుకొబ్బరివంటి పీచుగలవి మొదట మాని, పిదప కొద్దికొద్దిగా నమలి తినవలెను. ద్వారము పంచెకట్టు క్రిందను, పొట్ట మడతలోను పడకుండ వైద్యులు ముందే గుర్తు పెట్టుదురు. నేలపై కూర్చుండి భుజించువాడును, నాట్లకు వంగువాడును ఆ సంగతి అప్పుడే చెప్పవలెను.

తెనాలిలో నొక గృహస్థు, ఈ సంచితో సంధ్య వార్చవచ్చునా యని నన్నడిగెను. కడుపులో నున్నంతసేపు అంటని మైల, చర్మమున కవతల మూతవేసిన సంచిలో నున్నపుడు ఎట్లంటునని నేనంటిని. నా మాటతో నందఱును ఏకీభవింపకపోవచ్చును.

మా శిష్యుని ద్వారమును మూడవమాసమున మూసిరి. మొన్న రేపల్లె బండిలో కనబడి, వరికోతల సంగతులు చెప్పుచు తెనాలి వఱకు వచ్చెను. చేత నీళ్ళ సీసా మాత్రము విడువలేదు.